సారక్క తోడు గంటలు

1
అశ్విని కార్తె, పదో రోజు

కాగితం దొరకని కాలం. అందుకని మా ఆఫీసులో తిప్పి పంపిన పాత దరఖాస్తుల వెనకవైపు ఇది రాస్తున్నాను. ట్రంకుపెట్టె నిండా ఉన్నాయి. ప్రతి కాగితం వెనకా నరహరి ఆకుపచ్చ సిరాతో ఏదో ఒకటి గీకి పెట్టాడు. దరఖాస్తు తిప్పి పంపితే కారణం వెనక రాయాలన్నది మా శాఖ ఆచారం. ఆ రాత మీద అడ్డంగా రెండు గీతలు కొట్టి, మిగిలిన ఖాళీలో నా మాటలు పెడుతున్నాను. ఆయన రాసింది చదవలేదు. ఆ చేతిరాత చదవనని ఉద్యోగంలో ఉన్నప్పుడే ఒట్టు పెట్టుకున్నాను. పైన ఎండకు తాళలేక అందరం దిగి బతుకుతున్న ఈ గనిలో ఉన్న నాలుగు వందల పైచిలుకు పుస్తకాలు రెండేసి సార్లు చదివినవాణ్ణి. ఆ ఒక్క చేతిరాత చదవనందువల్ల నాకు పోయిందేమీ లేదు.

పెట్టెలో అన్నిటికన్నా పైన ఉన్న కట్ట విప్పాను. నరహరి మీద నేను గెలిచిన కేసుల కట్ట అది. మొదలు పెట్టడానికి అంతకన్నా మంచి కాగితం ఉండదు.

ఎందుకు రాస్తున్నానంటే, మేమిద్దరం పోయాక ఆయన గురించి మంచి మాటలు మాత్రమే మిగలకూడదు. నా పేరు ఓదెలు. వయసు డెబ్బై నాలుగు. ముప్పై ఏళ్లు నిబంధనల శాఖలో రెండో లేఖకుణ్ణి. మొదటి లేఖకుడు నరహరి. నేను రాసినవాటి కింద ఆయన సంతకం పెట్టాడు, పేరు ఆయనకు వచ్చింది. ఇప్పుడు ఇద్దరం లోతున చల్లగా ఉండే నాలుగో లెవెల్‌లోనే ఉన్నాం. ఆయనది రెండో చోటు, గాలిపంకా పక్కన. నాది పదిహేడో చోటు, నీళ్లు కారే గోడ పక్కన. పద్నాలుగేళ్లుగా మాటల్లేవు.

పొద్దున లేవగానే దూలానికి కట్టిన ఉష్ణమాపకం చూసి పలక మీద రాయడం నాకు అప్పగించిన పని. ఈ రోజు ఇరవై తొమ్మిది. నేలకు దగ్గరగా ఉన్న మొదటి లెవెల్ పలక మీద నలభై ఒకటి ఉందట. పైన నేల మీద ఎంతో ఎవరూ రాయరు. పైకి పోయేవాళ్లు అడగరు.

2
భరణి కార్తె, రెండో రోజు

సారక్క వచ్చింది. పైన ఎండపలకలు తుడిచే మనిషి. చీకటితో ఎక్కి, దుమ్ము తుడిచి, ఎండ ముదిరేలోపు దిగుతుంది. ఆ పలకల కరెంటుతోనే కింది లెవెళ్లలో గాలి తిరుగుతుంది. ఇరవై ఆరేళ్లుగా ఆమె తుడుస్తోంది, మేము పీలుస్తున్నాం. మొగుడు కొంరయ్య ఆ పలకల మధ్యనే వడదెబ్బకు పడిపోయాడు. పిల్లలు లేరు. మోచేతుల కింద చర్మం కాలిన రొట్టెలా ఉంటుంది.

వారానికోసారి రెండు జొన్నరొట్టెలు తెచ్చి, గంటల పుస్తకం నా ముందు పెడుతుంది. అంకెలు తనే చదువుకుంటుంది, అక్షరాలు నన్ను చదవమంటుంది. పైన పనిచేసేవాళ్లకు కూలి చల్ల గంటల్లోనే ఇస్తారు. ఒక చల్ల గంట ఉంటే కింది లెవెళ్లలో ఒక గంట కూర్చోవచ్చు, పడుకోవచ్చు. సారక్కకు రోజుకు ఆరు వస్తాయి. అందులో అరగంట ముసలితనానికి దాస్తుంది. మిగతా అయిదున్నరలో నిద్రపోతుంది. పందొమ్మిదేళ్లుగా ఒక్క పనిరోజు తప్పలేదు. ఏడాదికి మూడు వందల పనిరోజులు, నూట యాభై గంటలు; మొత్తం రెండువేల ఎనిమిది వందల యాభై అయ్యాయి.

మృగశిర మొదటి రోజుకు ఆమెకు అరవై నిండుతాయి. అరవై దాటినవాళ్లను పలకల మీదికి ఎక్కనివ్వరు. పని పోతే కూలి గంటలూ పోతాయి. ఇక దాచుకున్నదే దిక్కు. అయిదువేల గంటలు చూపిస్తే నాలుగో లెవెల్‌లో చచ్చేదాకా ఒక చోటు. చూపించలేకపోతే మొదటి లెవెల్. అక్కడ ముసలివాళ్లు రెండో రోహిణి చూడటం అరుదు.

కానీ ఆమెకు దిగులు లేదు. తక్కువ కూలివాళ్లు ఎంత దాచుకుంటే అంత, గనిని నడిపే మండలి కూడా కలుపుతుంది. దాన్ని తోడు అంటారు. అరవై నిండే ముందు ఒక్కసారే లెక్క కట్టి వేస్తారు. రెండూ కలిపితే అయిదువేల ఏడు వందలు. ఈ కూడిక నేను ఏడేళ్లుగా ఆమెకు వేసి చూపిస్తున్నాను. చూసినప్పుడల్లా ఇంకోసారి వేయమంటుంది.

పైన మిగిలే ఏడు వందల గంటలు ఏం చేస్తావని ఈ రోజు అడిగాను.

"పండుకుంట సారూ. పగటీలి పండుకుంట. ఎవ్వలు లేపినా లేవ."

రొట్టె తింటూ పాత సంగతి గుర్తు చేశాను. తోడు పథకం వచ్చిన ఏడాదే కొంరయ్య పోయాడు. గనిలో ఉండే ప్రతివాళ్లూ ఏడాదికి పది గంటలు పైకప్పు పన్ను కట్టాలి. మొగుడు పోయిన ఆడమనిషి దగ్గర పన్నేమిటని నేనే మాఫీ దరఖాస్తు నింపాను. నరహరి రెండుసార్లు తిప్పి పంపాడు. నేను ఆయన తల మీదుగా మండలికి వెళ్లి, నిండు సభలో నియమాలు చదివి వినిపించి మాఫీ తెచ్చాను. ఆ రోజు నరహరి తల వంచుకుని కూర్చున్నాడు. అప్పుడు సారక్క, పది గంటలే కదా, అందరితో పాటు నేనూ కడతాను సారూ అంది. నీకు తెలియదు, ఊరుకోమన్నాను. ఈ రోజు ఆ మాట గుర్తు చేస్తే ఇద్దరం నవ్వుకున్నాం.

3
భరణి కార్తె, తొమ్మిదో రోజు

లెక్క చీటీ వచ్చింది. దాచుకున్నది: 2,850. తోడు: 0. నాలుగో లెవెల్ చోటు: సరిపోదు.

సున్నాను సారక్క తనే చదివింది. ఇది ముద్రణలో తప్పు అన్నాను. ఇద్దరం రెండో లెవెల్‌లోని ఆఫీసు కిటికీ దగ్గరికి ఎక్కాం. నా మోకాళ్లు ఆ మెట్లు ఎక్కి మూడేళ్లయింది. కిటికీలో వినోద అనే ఆడపిల్ల కూర్చుంది. నా పేరు చెప్పగానే లేచి నిలబడింది. నేను రాసిన నిబంధనలు బట్టీపట్టి ఉద్యోగం తెచ్చుకుందట.

నిలబడింది కానీ చెప్పిన మాటలో మెత్తదనం లేదు. తోడు అనేది పన్ను కట్టేవాళ్లకు ఇచ్చే రాయితీ. పన్ను పట్టీలో పేరు ఉండాలి. ఈమె పేరు పందొమ్మిదేళ్లుగా పట్టీలో లేదు.

పుస్తకంలో ప్రతి ఏడూ తోడుకు అర్హత ఉంది అని ముద్ర వేశారు కదా అని చూపించాను.

"అర్హత కూలిని బట్టి పెద్దసారూ. ఇచ్చుడు పట్టీని బట్టి."

"మరి ఇప్పుడు కడితే?" అని సారక్క అడిగింది.

"ఎన్కటి ఏండ్లకు ఇప్పుడు కట్టుడు ఉండదవ్వా."

తోడు పథకం ముసాయిదా ఎవరిదో నాకు తెలుసు. ముసాయిదాల్లో అదొక్కటే నరహరి నా చేతికి ఇవ్వకుండా తలుపు వేసుకుని తనే రాశాడు. వరసలో నిలబడ్డ వాళ్లందరికీ వినిపించేలా ఆ మాటే చెప్పాను. నేను మంచికి ఇప్పించిన మాఫీని ఉరితాడు చేసినవాడు ఆయన. సభలో తల వంచుకున్నందుకు కసి తీర్చుకున్నాడు.

సారక్క మెట్ల దగ్గర ఆగింది.

"నేను దాసుకున్నయి ఉన్నయి గద సారూ? అవ్వి పోలే గద?"

పోలేదన్నాను.

"మరి సగం సోటన్న ఇస్తరా?"

సగం చోటు ఉండదని చెప్పాను.

4
కృత్తిక కార్తె, నాలుగో రోజు

మండలికి మూడు అర్జీలు పంపాను. మొదటి దాంట్లో తర్కం ఉంది. రెండో దాంట్లో తర్కంతో పాటు పూర్వపు తీర్పులు ఉన్నాయి. మూడో దాంట్లో మండలి పెద్దల చదువు గురించి నా అభిప్రాయం ఉంది. మూడింటికీ ఒకే జవాబు వచ్చింది: పట్టీలో పేరు లేదు.

ఆ పెద్దల్లో ఇద్దరికి ఒకప్పుడు నేనే గుణింతం దిద్దించాను. వాళ్ల పేర్లు రాయను. కాగితం దండగ.

మొదటి లెవెల్‌లో నిన్న ఒక ముసలాయన పోయాడు. గోడకు ఆనుకుని కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉన్నాడట. మధ్యాహ్నం అంబలి పంచేవాళ్లు గిన్నె పట్టుకోలేదని తిట్టాక తెలిసింది. సారక్క ఇది చెబుతూ ఆయన కూర్చున్న గోడ ఏ వైపుదో కూడా చెప్పింది. పడమర వైపు గోడ వేడెక్కువట, తూర్పు గోడ నయమట. అప్పుడే చోటు వెతుక్కుంటోందని నాకు అర్థమైంది.

ఆమె వెళ్లాక గుర్తొచ్చింది, నలభై ఒకటో నిబంధన. దాన్ని చోటుకు చోటు అనేవాళ్లం. శాఖ సిబ్బంది తప్పు వల్ల పనివాళ్లకు చోటు పోతే, ఆ తప్పు చేసినవాడి చోటు వాళ్లకు ఇవ్వాలి. అతను పని మానేసి ఎన్నేళ్లయినా సరే. కావలసింది అతని చేతిరాతలో రుజువు, లేదా ఒప్పుకోలు. ఆ నిబంధన రాసింది నేను. ఎవరికోసం రాశానో కూడా చెబుతాను, ఇక్కడ దాచేదేముంది. నరహరి కోసమే రాశాను. ఆయన ఎప్పుడో ఒకప్పుడు కాలు జారతాడని. అది తెలిసి కూడా ఆయన సంతకం పెట్టాడు. ఇన్నేళ్లలో దాన్ని ఒక్కరూ వాడలేదు. తప్పు ఒప్పుకునే గుమాస్తా ఇంకా పుట్టలేదు.

నరహరి చోటు సారక్కకు. నరహరి మొదటి లెవెల్‌కు, పడమర గోడకు.

చాలా ఏళ్ల తర్వాత ఈ రోజు అన్నం రుచిగా ఉంది.

5
కృత్తిక కార్తె, పదకొండో రోజు

నా చోటు నుంచి ఆయన చోటుకు నూట పది అడుగులు. ఈ రోజు నడిచాను.

ఎనభై మూడేళ్లు. కళ్లలో పొర వచ్చింది. గాలిపంకా గాలికి పంచె చెంగు ఎగురుతోంది. దాన్ని ఒక చేత్తో పట్టుకుని, నా దగ్గు విని గుర్తుపట్టాడు.

"కూసో ఓదెలూ. పద్నాలుగేండ్లాయె ఇటు దిక్కు రాక."

కూర్చోలేదు. నిలబడే నేరారోపణ చదివాను. రాసుకుని తీసుకెళ్లాను, మాట తడబడకుండా. పన్ను కట్టలేని పేదలకు తోడు అందకుండా చేసిన నియమం ఆయనది. ఒక ఒంటరి ఆడమనిషి మీద కక్షతో దాన్ని వాడినవాడు ఆయన. పేర్లు, తేదీలు, అన్నీ చదివాను. ఆయన మధ్యలో ఒక్కసారే అడిగాడు, పలకల సారక్కనా, కొంరయ్య పెండ్లామా అని. అవునన్నాను.

"పట్టీ నియమం మండలిది. వద్దని రాసిన, వినలేదు. అందుకే ఆ కాగితం రెండుసార్లు తిప్పి పంపిన," అన్నాడు. "ఎందుకు పంపిననో ఎనుక రాసిన గద. నువ్వు చదువలేదా?"

చేతిలోని నేరారోపణ కాగితం మడిచాను.

"నువ్వు చదువకుంట ఉంటవా. ఈ గనిల నీ అంత చదివినోడు లేడు."

ఆ మాటలో ఎత్తిపొడుపు ఉంటుందేమోనని వెతికాను. లేదు. ఉంటే బాగుండేది.

ఆ తర్వాత ఆయనే చెప్పాడు. సభలో నేను గెలిచాక, ఆమెనే పిలిచి చెబుదామనుకున్నాడట. కానీ ఆమె నా దగ్గరికి వచ్చే మనిషి, మధ్యలో తను దూరితే నాకు ఇంకా మండుతుందని ఊరుకున్నాడట.

"అది నా తప్పే. నలభై ఒకటి కోసమే గద వచ్చినవు. కాగితం తెచ్చినవా, సంతకం పెడత."

తెచ్చాను. ఒప్పుకోలు ముందే రాసి, జేబులో పెట్టుకుని వెళ్లాను. ఎక్కడ పెట్టాలో కనపడక వేలితో తడుముతుంటే నేనే ఆయన చెయ్యి పట్టి చోటు చూపించాను. సంతకం వంకరగా వచ్చింది. నీళ్లు తాగి పొమ్మన్నాడు. తాగకుండా వచ్చేశాను.

6
అదే రోజు, మధ్యాహ్నం

ఆ కాగితం కోసం పెట్టె అంతా వెతకనక్కర్లేదు. అది ఎక్కడుందో దారిలోనే నాకు తట్టింది. గెలిచిన కేసుల కట్టలో మొదటి కాగితం. ఈ రాతలో మొదటి పుట.

ఒకవైపు సారక్క మాఫీ దరఖాస్తు, నా చేతిరాతలో. వెనకవైపు నరహరి ఆకుపచ్చ అక్షరాలు, వాటి మీద నేను కొట్టిన రెండు గీతలు, వాటి చుట్టూ నేను అశ్విని కార్తెలో రాసిన మాటలు. ఆ ఒక్క చేతిరాత చదవనందువల్ల నాకు పోయిందేమీ లేదు అన్న వాక్యం సరిగ్గా ఆయన మొదటి పంక్తి పక్కన ఉంది.

గీతల కింద ఉన్నది ఇది:

"మాఫీ చేస్తే ఈమె పేరు పన్ను పట్టీ నుంచి పోతుంది. పట్టీలో లేనివారికి తోడు రాదు. ఏడాదికి పది గంటలు మిగిల్చి నూట యాభై పోగొట్టినట్టవుతుంది. ఈ నియమం తీసేయమని మండలికి రాశాను, ఒప్పుకోలేదు. ఆమెను పిలిచి ఈ మాట చెప్పి, ఆమె ఏది కావాలంటే అది చేయండి. న."

అయిదు పంక్తులు. పందొమ్మిదేళ్ల కిందట ఇది నా బల్ల మీదికి వచ్చింది. దీని మీద టీ గ్లాసు పెట్టుకున్నాను. గుండ్రటి మరక ఇంకా ఉంది.

ఆమెను పిలవలేదు. పిలవకపోయినా ఆమె చెప్పింది, పది గంటలే కదా, కడతాను అని.

7
రోహిణి కార్తె, మూడో రోజు

ఆరు రోజులు ఏమీ రాయలేదు. రెండు కాగితాలు దిండు కింద పెట్టుకుని పడుకున్నాను. ఒకటి నరహరి సంతకం పెట్టిన ఒప్పుకోలు. అది ఇస్తే నా శత్రువు పైకి పోతాడు, సారక్క కిందికి వస్తుంది, నా చోటు నాకుంటుంది. ఎవరూ ప్రశ్నించరు. రెండోది నా మొదటి పుట. అది ఇస్తే పైకి పోవలసింది నేను.

నేను ధైర్యవంతుణ్ణని ఎన్నడూ చెప్పుకోలేదు. తెలివైనవాణ్ణని మాత్రం చెప్పుకున్నాను. ఈ ఆరు రోజులూ తెలివిని మొదటి కాగితం వైపు పనిచేయించాను. ఎనభై మూడేళ్లవాడు, చూపు లేనివాడు, ఎటూ ఎక్కువ రోజులు బతకడు. పైగా తనే ఒప్పుకున్నాడు. తర్కంలో లోపం లేదు. మొదటి లెవెల్ పలక మీద నిన్న నలభై అయిదు.

ఈ రోజు సారక్క రొట్టెలతో కాకుండా ఒక మూటతో వచ్చింది. పని ఇక పదీ పన్నెండు రోజులేనని సామాన్లు పంచిపెడుతోందట. నాకు ఇత్తడి చెంబు తెచ్చింది. తూర్పు గోడ వైపు ఒక చోటు చూసుకున్నానంది. అక్కడున్న ముసలామె పక్కకు జరుగుతానందట.

చెంబు తీసుకోలేకపోయాను. రెండు కాగితాలూ ఆమె ముందు పెట్టి, రెండూ చదివి వినిపించాను. మొదట ఆకుపచ్చ రాత, తర్వాత ఒప్పుకోలు. నలభై ఒకటి గురించి కూడా చెప్పాను. మొత్తం విని, ఆకుపచ్చ రాతను ఇంకోసారి చదవమంది. కూడిక వేయమన్నట్టే.

"ఆమెను పిలిచి అన్నడా? గట్లనే రాసిండా?"

అలాగే రాశాడన్నాను.

"నేను గీడనే ఉంటి గద సారూ. కేకేస్తే ఇనపడే అంత దూరంల."

నరహరి మీద గెలవాలన్న తొందరలో ఆమె నాకు కనపడలేదని చెప్పాలి. అది చెప్పలేదు. ఏ కాగితం ఇమ్మంటావని మాత్రం అడిగాను. ఈసారైనా అడిగాను.

సారక్క చెంబును మళ్లీ మూటలో పెట్టుకుంది.

"ఆ గుడ్డి ముసలాయనను ఎండల కూసోబెట్టి ఆయన పక్క మీద నేను పండుకోవాల్నా? నాకు నిద్ర పడతదా?" అంది. లేచి, మూట చంకన పెట్టుకుని, నా మంచం వైపు చూసింది. "నీ పక్క మీదనైతే పడతది. జేసింది నువ్వు గద."

వెళ్లిపోయింది. ఏడవలేదు, తిట్టలేదు. పందొమ్మిదేళ్లలో ఆమె నన్ను సారూ అనకుండా మాట్లాడటం ఇదే మొదలు.

8
రోహిణి కార్తె, ఆరో రోజు

మొదటి పుట ఆఫీసులో ఇచ్చాను. నకలు చాలదు, అసలే కావాలని నిబంధన. ఆ నిబంధన కూడా నేను రాసిందే. ఇక్కడ మొదట ఉన్నది నేను చేసుకున్న నకలు.

వినోద రెండువైపులా చదివింది. చదవడానికి చాలాసేపు పట్టింది.

"దీని మీద మీరు సారును తిట్టిండ్రు గద పెద్దసారూ. ఇది గూడ దాఖలు జేయాల్నా?"

అదే అసలు రుజువు, ఉంచు అన్నాను. చదవలేదని అందులో నా చేత్తో నేనే రాసుకున్నాను. ఏ న్యాయస్థానానికైనా అంతకన్నా ఏం కావాలి.

ఆమె ముద్ర వేసింది. నలభై ఒకటి కింద ఇదే మొదటి కాగితమని, కొత్త పుస్తకం తెరవాలని చెప్పింది. పుస్తకం మీద ఒకటో నంబరు వేస్తుంటే చూశాను. నా నిబంధన ఇన్నేళ్లకు పనిలోకి వచ్చింది.

కిందికి దిగాక నరహరి ఒప్పుకోలు ఆయనకు తిరిగి ఇద్దామని నూట పది అడుగులూ మళ్లీ నడిచాను. నిద్రలో ఉన్నాడు. పిలవబోయి, ఏమని పిలవాలో తేలక ఆగిపోయాను. సార్ అనేవాణ్ణి మొదట్లో. ఒప్పుకోలు నాలుగు మడతలు పెట్టి దిండు కింద దోపి వచ్చాను. రేపు మెలకువగా ఉన్నప్పుడు చెప్పాలి, చదివాను అని.

9
రోహిణి కార్తె, ఎనిమిదో రోజు

నరహరి పోయాడు. నేను నిద్రనుకున్నది నిద్ర కాదట. ఆ రోజు నుంచే స్పృహ లేదట.

ఆయన చోటు వరసలో ముందున్న ఎవరో అయిదువేల గంటలవాళ్లకు వెళ్తుంది, సారక్కకు కాదు. అదీ నిబంధనే. ఆ కుటుంబం ఇప్పటికే పరుపు మోసుకొచ్చింది. దిండు కింద కాగితం చూసి ఎవరిదని అడిగారు. నాదని చెప్పి తెచ్చుకున్నాను.

ఈ గనిలో ఆయన మీద చెడు రాసినవాణ్ణి నేనొక్కణ్ణే. అది ఇప్పుడు దాఖలులో భద్రంగా ఉంది, నా నేరానికి రుజువుగా.

10
మృగశిర కార్తె, మొదటి రోజు

పలక మీద చివరిసారి రాశాను: ముప్పై. పెట్టె, పుస్తకాలు మోయలేను. నాలుగో లెవెల్‌లోనే వదిలేశాను. రాతకాగితాలు మాత్రం తెచ్చుకున్నాను.

సారక్క పొద్దున్నే ఆఖరిసారి పలకలు తుడిచి, చేతులు కడుక్కోకుండానే దిగింది. నా మంచం మీద పరుపు ఎత్తి కింద చూసింది. నీళ్లు కారే గోడను అరచేత్తో తట్టింది. చల్లదనం చూసుకుంటోంది. ఆమె దాచుకున్న గంటలు ఆమె పేరునే ఉంటాయి. కొంచెం జ్వరం మందుకు, కొంచెం రొట్టెలకు సరిపోతాయి. ఆ లెక్క చెప్పబోతే చేతితో ఆపింది. తనే వేసుకుంటానంది. నేర్చుకుందట, వినోద దగ్గర.

నేను గుమ్మం దాటుతుంటే పిలిచింది. తలకు చుట్టుకునే నూలుగుడ్డ విప్పి ఇచ్చింది. ఇరవై ఆరేళ్ల ఎండకు రంగేమిటో తెలియకుండా పోయిన గుడ్డ.

"పొద్దుగాలనే తడిపి కట్టుకో. ఎండెక్కినంక తడిపితే పట్టది. తూర్పు గోడకు చెప్పి పెట్టిన, సోటిస్తది ముసలామె."

సరే అన్నాను. ఆమె అప్పటికే గోడ వైపు తిరిగి పడుకుంది. పట్టపగలు. మెట్ల మొదట ఆగి కాసేపు చూశాను. అటూ ఇటూ కదల్లేదు.

11
మృగశిర కార్తె, పదో రోజు

తూర్పు గోడ నయమే. మధ్యాహ్నం దాకా వీపు ఆనించవచ్చు. తర్వాత ఎవరూ దేనికీ ఆనుకోరు. ముసలామె పేరు అడిగాను కానీ ఆమెకు మాట్లాడే ఓపిక లేదు. గుడ్డ పొద్దున్నే తడుపుతున్నాను. మృగశిర వచ్చి పది రోజులైనా పలక మీద నలభై మూడు దిగలేదు.

ఈ రోజు వినోద మొదటి లెవెల్‌కు వచ్చింది. పన్ను పట్టీ సవరించే కాలం. గోడల వెంట ముసలివాళ్ల దగ్గర ఒక్కొక్కరి దగ్గరా కూర్చుని, మాఫీ దరఖాస్తు తనే నింపి, వేలిముద్ర వేయించుకుంటోంది. మంచి పిల్ల. నా దగ్గరికి వచ్చి, నాకూ ఒకటి నింపి తెచ్చానంది.

నా దగ్గర చిల్లర గంటలు మూడు వందల దాకా ఉన్నాయి. పన్ను పది. మాఫీ అయితే ఆ పదీ మిగులుతాయి. పది గంటలంటే రెండో లెవెల్‌లో పది మధ్యాహ్నాలు.

పట్టీలో పేరు పోతే తోడు కాక ఇంకేం పోతుందని అడిగాను. తెలియదంది. ఇంతవరకూ ఎవరూ అడగలేదట. కనుక్కుని, దీని వెనక రాసి తెమ్మన్నాను. వెనక రాసే ఆచారం తీసేశారని చెప్పింది. తిప్పి పంపడం కూడా లేదట, అన్నీ అడిగినవెంటనే ఇచ్చేస్తున్నారట. పని తొందరగా అవుతోందట.

పది గంటలు కట్టాను. వరసలో మిగతావాళ్లకు కూడా చెప్పమన్నాను, ముందు వాళ్లను అడగమన్నాను. తల ఊపింది. పక్కన ముసలామె అప్పటికే వేలు చాపి సిద్ధంగా ఉంది.

దరఖాస్తు నాకు పనికిరాదు కదా, ఈ కాగితం ఉంచుకోవచ్చా అని అడిగితే ఇచ్చేసింది. వెనక్కి తిప్పి చూశాను. మొత్తం తెలుపు. దీని మీదే ఇది రాస్తున్నాను. గీతలు కొట్టవలసిన పని లేదు.